వలయంలో మీకూ ఒక చోటు ఉంది



నేను మన కలువాయి బ్రాంచిలో 6, 7 తరగతులకు ఇంగ్లిష్ చెబుతాను. ఈ నెల ఈ పేజీలో డాన్సు గురించి రాస్తున్నాను. దయచేసి పేజీ తిప్పేయకండి. ఇది యాన్యువల్ డే డాన్సు గురించి కాదు, డ్రెస్సులకు డబ్బులు అడగబోవడం లేదు. ఒక ఇంగ్లిష్ లిజనింగ్ పాఠం మా క్లాసులో కోలాటం పాఠంగా ఎలా మారిందో, అందులోకి లెక్కలు ఎలా వచ్చాయో, నేను ఎక్కడ తప్పు చేశానో చెబుతాను. చివర్లో మీకు చిన్న హోంవర్కు కూడా ఉంది.

ఒక ఐర్లండ్ పాటతో మొదలైంది

6వ తరగతి పిల్లలకు వారానికి ఒక లిజనింగ్ పీరియడ్ ఉంటుంది. ఇంగ్లిష్ విని అర్థం చేసుకోవడం అలవాటు కావాలని దాని ఉద్దేశం. సినిమా ఇంగ్లిష్ వేగంగా ఉంటుంది, వార్తలు పిల్లలకు విసుగు. అందుకని పాటలు వెతికాను. ఐర్లండ్ దేశపు కంట్రీ పాటలు దొరికాయి. ఇవి లిజనింగ్‌కు బాగా పనికొస్తాయి. పాడేవాళ్ళు మాటను మింగేయరు, నెమ్మదిగా పలుకుతారు. ప్రతి పాటలో ఒక చిన్న కథ ఉంటుంది. ఊరు వదిలి వెళ్ళిన కొడుకు, ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లి, చిన్నప్పటి బడి, పొలం, వాన. ఒక్క పాట వింటే పాతిక మాటలు నేర్చుకోవచ్చు.

స్మార్ట్ బోర్డు మీద పాట పెట్టి, ఖాళీలు పూరించమని వర్క్‌షీట్ ఇచ్చాను. రెండో చరణం వచ్చేసరికి చివరి బెంచీ నుంచి టక్ టక్ మని శబ్దం వచ్చింది. రెండు పెన్నులు పట్టుకుని ఒక అమ్మాయి డెస్కు మీద దరువు వేస్తోంది. సాధారణంగా ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పదు. కోప్పడాలనుకున్నాను. కానీ దరువు ఎక్కడా తప్పడం లేదు, పాటతో సరిగ్గా పోతోంది. “ఏం చేస్తున్నావు?” అని అడిగితే, “ఇది మా అవ్వ కోలాటం పాట లాగుంది మేడం” అంది.

ఆ అమ్మాయి చెప్పింది నిజం. నేను పెట్టిన పాట వాల్ట్జ్ నడకలో ఉంది, అంటే మూడేసి దెబ్బల చొప్పున నడుస్తుంది. మన వాళ్ళు దాన్నే తిశ్రం అంటారు. ఆ రోజు వర్క్‌షీట్ సగంలో ఆగిపోయింది. మిగిలిన పీరియడ్ అంతా దెబ్బలు లెక్కపెట్టాం.

దెబ్బలు లెక్కపెట్టడం

ఇది మీరు ఇంట్లో కూడా చేయొచ్చు. సంగీతం రాకపోయినా ఫర్వాలేదు, నాకూ రాదు. నాలుగు మాటలు గుర్తుంటే చాలు.

మూడు దెబ్బలకు: త-కి-ట. ఇది తిశ్రం.
నాలుగు దెబ్బలకు: త-క-ధి-మి. ఇది చతురశ్రం.
ఐదు దెబ్బలకు: త-క-త-కి-ట. ఇది ఖండం.
ఏడు దెబ్బలకు: త-కి-ట-త-క-ధి-మి. ఇది మిశ్రం.

ప్రతి మాటలో మొదటి అక్షరం దగ్గర చప్పట్లు కొట్టాలి, మిగతావి నోటితో పలకాలి. ఐర్లండ్ వాళ్ళ డాన్సు పాటల్లో జిగ్ అనే రకం ఉంది. అది “తకిట తకిట” అని పరుగెడుతుంది. రీల్ అనే ఇంకో రకం “తకధిమి తకధిమి” అని పోతుంది. పేర్లు వేరైనా పిల్లల చేతికి రెండూ తెలిసినవే. జిగ్ వినిపించి “ఇది ఏది?” అని అడిగితే, చాలామంది రెండు నిమిషాల్లో తిశ్రమని పట్టేశారు.

తర్వాత క్లాసును రెండు జట్లు చేశాను. ఒక జట్టు తకిట, ఇంకో జట్టు తకధిమి. ఇద్దరూ ఒకేసారి, ఒకే వేగంతో మొదలుపెట్టాలి. మొదటి దెబ్బ దగ్గర రెండు జట్ల చప్పట్లూ కలుస్తాయి, తర్వాత విడిపోతాయి. మళ్ళీ ఎప్పుడు కలుస్తాయి? పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టారు. సరిగ్గా 12 దెబ్బలు పూర్తయ్యాక, 13వ దెబ్బ దగ్గర. 3, 4 ల కనిష్ఠ సామాన్య గుణిజం 12 అని లెక్కల సారు అప్పటికే చెప్పి ఉన్నారు. పిల్లలు దాన్ని నోట్సులో రాసుకున్నారు, పరీక్షలో కూడా రాశారు. “ఓ, ఎల్.సి.ఎం. అంటే ఇదా మేడం!” అన్నది మాత్రం ఆ రోజే.

ఐర్లండ్ వాళ్ళు ఎందుకు కలిసి ఆడతారు

పిల్లలు అడిగారు కాబట్టి నేనూ కొంత చదివాను. మీకూ చెబుతాను.

ఐర్లండ్‌లో 1845 నుంచి 1852 దాకా పెద్ద కరువు వచ్చింది. బంగాళదుంప పంటకు తెగులు పట్టి, సుమారు 10 లక్షల మంది చనిపోయారు. అంతకు మించి జనం ఓడలెక్కి అమెరికాకూ ఇంగ్లండ్‌కూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా వలస ఆగలేదు. వాళ్ళ పాటల్లో ఊరి మీద అంత బెంగ ఉండటానికి ఇదే కారణం.

వాళ్ళ భాషలో కేలీ అనే మాట ఉంది. పూర్వం దానికి అర్థం, సాయంత్రం పూట పొరుగింటికి వెళ్ళి కూర్చుని కబుర్లు చెప్పుకోవడం. మన అరుగు మీద కబుర్ల లాంటిదే. ఇప్పుడు కేలీ అంటే అందరూ కలిసి ఆడే డాన్సు సభ. ఆ అర్థంలో మొదటి కేలీ జరిగింది ఐర్లండ్‌లో కాదు, లండన్‌లో, 1897లో. దాన్ని జరిపింది గేలిక్ లీగ్ అనే సంఘం. ఊరు వదిలి వచ్చిన వాళ్ళు ఒక హాల్లో చేరి ఆడుకున్న ఆట అది.

సొంత ఊళ్ళలో వాళ్ళు వంటగదిలోనో, రోడ్లు కలిసే కూడలిలోనో ఆడేవాళ్ళు. ఫిడేలు వాయించేవాడు ఒకడు ఉంటే చాలు. ఇది పెద్దలకూ చర్చి వాళ్ళకూ నచ్చలేదు. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఆడితే చెడిపోతారని భయపడ్డారు. 1935లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం బహిరంగంగా డాన్సు జరపాలంటే లైసెన్సు తీసుకోవాలి. చట్టం హాళ్ళ గురించే అయినా, ఇళ్ళలోనూ కూడళ్ళలోనూ జరిగే ఆటలు దాని దెబ్బకు చాలా తగ్గిపోయాయి. తర్వాత 1951లో కొంతమంది కళాకారులు ఒక సంఘం పెట్టి, పాత పాటలు, ఆటలు తెలిసిన వాళ్ళను వెతికి కూడగట్టారు. దాని పేరు కోల్టస్. ఈ రోజుకూ ఆ సంఘం పనిచేస్తోంది.

1960ల తర్వాత అమెరికా కంట్రీ సంగీతం వచ్చి వాళ్ళ పాటతో కలిసింది. అది పరాయిదేమీ కాదు. వలస వెళ్ళిన ఐర్లండ్, స్కాట్లండ్ వాళ్ళ ఫిడేలు పాటలు కూడా అమెరికా కంట్రీ సంగీతానికి మూలాల్లో ఉన్నాయి. బిగ్ టామ్, ఫిలొమీనా బెగ్లీ లాంటి గాయకులు ఊరూరా పేరు తెచ్చుకున్నారు. ఇప్పటికీ అక్కడి పల్లెల్లో రాత్రి పూట హాల్లో బ్యాండు వాయిస్తుంటే 20 ఏళ్ళ వాళ్ళూ 70 ఏళ్ళ వాళ్ళూ ఒకే నేల మీద వాల్ట్జ్, జైవ్ ఆడతారు. అందరూ బాగా ఆడరు. కొందరు తప్పులు వేస్తారు, ఎవరూ పట్టించుకోరు. పిల్లలకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. “చూసేవాళ్ళు ఎవరు మేడం?” అని ఒక అబ్బాయి అడిగాడు. కాసేపు కూర్చుని అలుపు తీర్చుకునే వాళ్ళే చూసేవాళ్ళు. అలుపు తీరాక వాళ్ళూ లేచి ఆడతారు.

మన దగ్గర ఏముంది

అప్పుడు పిల్లలను అడిగాను. మన ఊళ్ళలో అందరూ కలిసి ఆడేవి ఏమున్నాయి? ముందు సినిమా పాటల పేర్లు చెప్పారు. తర్వాత ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి.

గొబ్బి తట్టడం. సంక్రాంతి నెలలో ముగ్గు మధ్య గొబ్బెమ్మలు పెట్టి ఆడపిల్లలు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడతారు. నెల్లూరులో పెన్న ఒడ్డున జరిగే ఏటి పండుగ చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

చెక్కభజన. చేతిలో చెక్కలు, వాటికి చిన్న బిళ్ళలు, కాళ్ళకు గజ్జెలు. రామాయణ, భారత కథలు పాడుతూ మగవాళ్ళు గుంపుగా అడుగులు వేస్తారు. మన వైపు, రాయలసీమ వైపు దీనికి బలం ఎక్కువ.

పండరి భజన. పండరీపురం విఠలుని భక్తి నుంచి వచ్చిన ఆట. తాళాలు చేతిలో పట్టుకుని అడుగు వేస్తారు.

ఇక కోలాటం. రెండు చేతుల్లో రెండు కోలలు, గుండ్రంగా జంటలు, మధ్యలో పాడే గురువు. ఒక్కో రకం నడకను కోపు అంటారు. పాట నెమ్మదిగా మొదలై, వేగం పెరుగుతూ పోతుంది. ఇందులో జడ కోలాటం అని ఒకటి ఉంది. పైనుంచి వేలాడే తాళ్ళు తలా ఒకటి పట్టుకుని, ఒకరి కింద నుంచి ఒకరు వెళ్తూ జడ అల్లుతారు, మళ్ళీ వెనక్కి ఆడుతూ విప్పుతారు. ఒక్కరు అడుగు తప్పినా జడ విడదు. ఇంగ్లండ్‌లో మేపోల్ అనే స్తంభానికి రిబ్బన్లు కట్టి ఇలాగే అల్లుతారు. ఇంగ్లండ్ వాళ్ళకే మోరిస్ అనే కర్రల డాన్సు కూడా ఉంది.

ఇవి నిన్న మొన్నటివి కావు. హంపిలో మహానవమి దిబ్బ రాళ్ళ మీద కోలలు పట్టుకుని ఆడే స్త్రీల శిల్పాలు ఉన్నాయి. హంపి మనకు దూరమనుకోకండి. కృష్ణదేవరాయలు 1514లో మన ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలిచి, అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. మన కొండ మీది దేవుడు వెళ్ళిన ఊళ్ళో, మన అవ్వలు ఆడే ఆట రాతిలో ఉంది. ఈ మాట చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దంగా వింది.

అవ్వ గేటు లోపలికి వచ్చింది

పెన్నులతో దరువు వేసిన అమ్మాయి వాళ్ళ అవ్వ దగ్గర పెరుగుతోంది. అమ్మ కువైట్‌లో పని చేస్తోంది. మన ప్రాంతంలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. ఆ అమ్మాయి ఫీజు అక్కడి నుంచే వస్తుంది, ఈ పేజీ కూడా అక్కడి ఫోన్‌లోకి వెళ్తుంది. ఇంట్లో వాళ్ళ అనుమతితోనే ఇది రాస్తున్నాను.

ప్రిన్సిపాల్ గారిని అడిగి, శనివారం చివరి పీరియడ్‌కు అవ్వను పిలిచాను. మొదట రానంది. “నేనెందుకు టీచరమ్మా, మీదంతా ఇంగ్లీషు. ఫీజు కట్టే కిటికీ దాకా వచ్చేదే కానీ, లోపలికి ఎన్నడూ రాలా” అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. నాలుగేళ్ళుగా మనవరాలిని రోజూ గేటు దాకా తెచ్చి దింపే మనిషి మన క్లాసు గది చూడలేదు. పేరెంట్స్ మీటింగుకు రమ్మంటే సంతకం పెట్టి బయటే నిలబడేదట.

ఆమె వచ్చింది. చీర కొంగులో చుట్టి నాలుగు జతల కోలలు తెచ్చింది. నేను అంగట్లో కొన్న రంగు కర్రలు చూసి నవ్వింది. “ఇవి డబ్ డబ్ మంటాయి నాయనా. చేవ ఉండే కర్రైతే కంగుమంటది” అని ఒకదానికొకటి తాకించి వినిపించింది. తేడా పిల్లలందరికీ తెలిసింది. గట్టి కర్రకు, మెత్తటి కర్రకు శబ్దం ఎందుకు వేరుగా ఉంటుందో సైన్స్ టీచరు మరుసటి వారం చెప్పారు.

ఎనిమిది జోడీల చిక్కు

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

ఆ రోజు 16 మంది పిల్లలు ఆటకు నిలబడ్డారు. 8 జోడీలు. లోపలి వలయంలో 8 మంది, బయటి వలయంలో 8 మంది, ఎదురెదురుగా. ఒక కోపు అయ్యాక ప్రతి ఒక్కరూ తమ కుడివైపుకు ఒక చోటు జరగాలి, కొత్త జోడీతో మళ్ళీ ఆడాలి. ఎదురెదురుగా నిలబడ్డారు కాబట్టి, లోపలి వలయం ఒక వైపు తిరిగితే బయటి వలయం రెండో వైపు తిరుగుతుంది. నేను ధీమాగా బోర్డు మీద రాశాను: “8 మార్పుల్లో అందరూ అందరినీ కలుస్తారు.”

ఆట మొదలైంది. నాలుగో మార్పు అయ్యేసరికి ప్రతి పిల్లా తన మొదటి జోడీ ముందుకే వచ్చేసింది. ఒక అబ్బాయి చెయ్యి ఎత్తాడు. “మేడం, నాకు నలుగురే వచ్చారు. మిగతా నలుగురు రావడం లేదు.” ఇంకోసారి ఆడించాను. మళ్ళీ అదే నలుగురు. నాకు అర్థం కాలేదు.

అవ్వ అక్కడే కూర్చుని చూస్తోంది. “బయటోళ్ళు మాత్రమే జరగండి. లోపలోళ్ళు ఉన్న చోటే ఉండండి” అంది. అలా ఆడితే 8 మార్పుల్లో అందరికీ అందరూ ఎదురయ్యారు. ఆమె లెక్క వేసి చెప్పలేదు. యాభై ఏళ్ళు ఆడిన కాళ్ళు చెప్పాయి.

సోమవారం పిల్లలు బోర్డు మీద కారణం పట్టుకున్నారు. రెండు వలయాలూ చెరో చోటు జరిగితే, ఎదుటి మనిషి ఒక చోటు కాదు, రెండు చోట్లు మారతాడు. 8ని రెండేసిగా దాటుకుంటూ పోతే నాలుగు గెంతుల్లో మొదటికి వస్తాం. మధ్యలో ఉన్న నలుగురు ఎప్పటికీ మిగిలిపోతారు. మరి 7 జోడీలైతే? ఏడుని రెండేసిగా దాటితే 2, 4, 6, తర్వాత 1, 3, 5, చివరికి మొదటి చోటు. ఎవరూ మిగలరు. బేసి సంఖ్యలో జోడీలు ఉంటే రెండు వలయాలూ తిరగొచ్చు. సరి సంఖ్య అయితే ఒక వలయం నిలబడాలి. ఇది పిల్లలు సొంతంగా కనుక్కున్న సూత్రం, నేను చెప్పింది కాదు.

ఐర్లండ్ కేలీలో వాల్స్ ఆఫ్ లిమరిక్ అనే ఆట ఉంది. ఒక జంట ఇంకో జంటకు ఎదురుగా నిలబడి ఆడి, ఆట ఒక చుట్టు అయ్యాక వాళ్ళను దాటి తర్వాతి జంట ముందుకు వెళ్తుంది. అక్కడా ఉద్దేశం ఇదే. ఒక రాత్రిలో ఊళ్ళో వాళ్ళందరికీ ఎదురుపడాలి.

ఈ లెక్క నా మనసులో ఇంకో రకంగా మిగిలిపోయింది. మన పిల్లలు ఆరేళ్ళుగా ఒకే క్లాసులో ఉన్నా, రోజూ అదే నలుగురితో మాట్లాడతారు. అదే బెంచీ, అదే బస్సు, అదే వీధి. మనం పెద్దవాళ్ళమూ అంతే. వలయం సరిగ్గా తిరగకపోతే సగం మంది మనకు ఎన్నటికీ ఎదురుపడరు. ఎవరి పక్కన ఎవరు నిలబడాలో ముందే మనం నిర్ణయిస్తే ఆట పాడైపోతుంది. అందుకే క్లాసులో జోడీలను చీటీలు వేసి కలుపుతున్నాం. అవ్వ జోడీని ఉద్ది అంటుంది. పిల్లలిప్పుడు పార్ట్‌నర్ అనడం మానేసి, “మేడం, నా ఉద్ది రాలేదు” అంటున్నారు. ఇంగ్లిష్ టీచరుగా నేను దాన్ని సరిదిద్దలేదు.

“మేము ఫీజు కట్టేది దీనికా?”

పోయిన పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి ఈ మాట అడిగారు. కోపంగా అడగలేదు, బాధగానే అడిగారు. నిమ్మతోట మీద అప్పు చేసి ఫీజు కడుతున్నానని చెప్పారు. ఆయనకు జవాబు చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉంది. మీలో చాలామంది మనసులో ఇదే ప్రశ్న ఉంటుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కోలాటం ఆడితే మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. నాకు అలాంటి ఆధారం లేదు. నా క్లాసులో చూసింది మాత్రం చెప్పగలను. చివరి బెంచీ అమ్మాయి ఇప్పుడు వలయం మధ్యలో నిలబడి ఇంగ్లిష్‌లో ఆదేశాలు ఇస్తోంది. కుడికి, ఎడమకు, తిరగండి, జోడీ మారండి. ఆమెకు ఆ మాటలు ముందే తెలుసు. వాటిని పైకి పలికే అవసరం ఇంతవరకు రాలేదు, అంతే. పిల్లలు ఆట గురించి ఇంగ్లిష్‌లో పది వాక్యాలు రాశారు. ఎవరూ గైడు చూసి రాయలేదు, ఎందుకంటే ఇది ఏ గైడులోనూ లేదు. వారానికి ఒక్క పీరియడ్, అదీ శనివారం చివరిది. సిలబస్ ఒక్క పేజీ కూడా వెనక పడలేదు. నోటుబుక్కులు ఎప్పుడు కావాలన్నా చూడండి.

ఆడపిల్లల తల్లిదండ్రులు కొందరు ఇంకో భయం చెప్పారు. స్టేజీ, మేకప్, ఫోన్లలో వీడియోలు. మీ భయం న్యాయమే. అందుకే మా పీరియడ్‌లో స్టేజీ లేదు, డ్రెస్సు లేదు, వీడియో తీయడం లేదు. పిల్లలు యూనిఫాంలోనే ఆడతారు. కోలాటంలో ఇద్దరి మధ్య కోలలే తాకుతాయి, చేతులు కావు. అయినా ఇష్టం లేకపోతే చెప్పండి. మీ పాప తాళం వేస్తుంది, లేదా లెక్కపెడుతుంది. వలయంలో ఆ పనులకూ మనుషులు కావాలి.

ఐర్లండ్ కథ నుంచి నేను తీసుకున్నది ఒక్కటే. పెద్దలు భయపడి ఆటను ఆపడానికి ఒక చట్టం సరిపోయింది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఎంతోమందికి ఎన్నో ఏళ్ళు పట్టింది. మన కోలాటాన్ని ఏ చట్టమూ ఆపలేదు. చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు మళ్ళీ జట్లు కట్టి నేర్చుకుంటున్నారు, తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు ఆడుతున్నారు. కానీ మన ఇళ్ళలో అది అవ్వ దగ్గరే ఆగిపోతోంది. ఎందుకంటే మనవరాలికి టైము లేదు. ట్యూషన్, హోంవర్కు, ఫోన్. అవ్వ ఎవరికీ చెప్పకుండానే వెళ్ళిపోతే, ఆ కోపు ఏ స్మార్ట్ బోర్డు మీదా దొరకదు.

ఈ నెల మీ హోంవర్కు

పిల్లలకు రోజూ ఇస్తాం. ఈసారి మీకు.

1. రాత్రి భోజనాల తర్వాత ఐదు నిమిషాలు. ఒకరు తకిట, ఇంకొకరు తకధిమి. 12 దెబ్బలు తప్పకుండా వెళ్ళగలరేమో చూడండి. నాన్నగారు తప్పితే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

2. మీ ఇంట్లోనో వీధిలోనో కోలాటం, చెక్కభజన, గొబ్బి తెలిసిన పెద్దవాళ్ళు ఎవరున్నారో పిల్లలతో అడిగించండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్ని కోపులు వచ్చు, ఎప్పుడు మానేశారు, ఎందుకు? పిల్లలు తెలుగులో అడిగి, జవాబులు ఇంగ్లిష్‌లో రాసుకురావాలి. దీనికి మార్కులు ఉంటాయి.

3. బియ్యపు గింజలతోనో గోళీలతోనో రెండు వలయాలు పెట్టి, 5, 6, 9, 10 జోడీలకు మా సూత్రం సరిపోతుందో లేదో పరీక్షించండి.

4. ఒక ఇంగ్లిష్ కంట్రీ పాట పిల్లలతో కలిసి వినండి. అర్థం కాకపోతే పిల్లలను అడగండి. మీకు చెప్పడం కోసం వాళ్ళు రెండుసార్లు ఎక్కువ వింటారు.

5. దూర దేశంలో ఉన్న అమ్మానాన్నలకు: మీకు గుర్తున్న ఒక కోలాటం పాటో గొబ్బి పాటో ఫోన్‌లో పాడి పంపండి. గొంతు బాగా లేదని మొహమాటపడకండి.

చివరి అంశం ఊహించి రాసింది కాదు. పోయిన వారం కువైట్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ అమ్మాయి వాళ్ళ అమ్మ, చిన్నప్పుడు అవ్వ దగ్గర నేర్చుకున్న పాటను పని అయ్యాక రాత్రి పూట గదిలో మెల్లగా పాడి పంపింది. పక్కవాళ్ళు నిద్రపోతున్నారని గొంతు తగ్గించి పాడినట్టుంది. స్పీకరుకు కలిపి క్లాసులో పెట్టాం. అవ్వ మొదటి కోల తాకించింది. నడక తిశ్రం. పిల్లలు అడగకుండానే “తకిట” అందుకున్నారు. 7 జోడీలు, రెండు వలయాలూ తిరిగాయి. ఎవరూ మిగల్లేదు.

ఈ నెల చివరి శనివారం చివరి పీరియడ్‌కు తల్లిదండ్రులు, అవ్వలు, తాతలు ఎవరైనా రావచ్చు. ఫీజు కిటికీ దగ్గర ఆగకండి, లోపలికి రండి. చూడటానికి కుర్చీలు కొన్నే వేస్తాం, కాళ్ళ నొప్పులున్న వాళ్ళకు మాత్రమే. మిగతా అందరికీ వలయంలో చోటు ఉంటుంది. కోలలు ఉంటే తెచ్చుకోండి, లేకపోతే మా దగ్గర ఉన్నాయి. ఎంతమంది వస్తారో మీ పిల్లల డైరీలో రాసి పంపండి. జోడీలు సరి సంఖ్యో బేసి సంఖ్యో నేను ముందే తెలుసుకోవాలి.